బంకమట్టిలోని ఇనుముతో నా అనుభవం

పీహెచ్‌డీలో నాకు వచ్చిన పని వినడానికి చిన్నదే. బంకమట్టి ఖనిజంలోని ఇనుమును క్షయకరణం చెయ్యాలి (అంటే దానికి ఎలక్ట్రాన్లు చేర్చాలి), మళ్ళీ ఆక్సీకరణం చెయ్యాలి (వాటిని తీసెయ్యాలి), ఖనిజం మునుపటిలా అయిందో లేదో చూడాలి. వరి మడిలో నీళ్లు నిలిచినప్పుడు సూక్ష్మజీవులు మొదటి పని చేస్తాయి, మడి ఆరాక గాలి రెండోది చేస్తుంది. ల్యాబ్‌లో రెండూ మనమే చెయ్యాలి.

నేను తీసుకున్నది ఎన్‌ఏయూ-2 అనే నాంట్రోనైట్, ఇనుము ఎక్కువగా ఉండే ఒక బంకమట్టి ఖనిజం. దక్షిణ ఆస్ట్రేలియాలోని యూలీ గనిది. బరువులో దాదాపు 23 శాతం ఇనుమే, అదీ దాదాపు అంతా ఫెర్రిక్ రూపంలో, అంటే ఆక్సీకరణం చెందిన రూపంలో. క్షయకరణం చెందితే అదే ఫెర్రస్. పద్ధతి 1984లో స్టకీ, గోల్డెన్, రాత్ ప్రచురించినదే: సిట్రేట్, బైకార్బొనేట్ ఉన్న ద్రావణంలో మట్టిని కలిపి, 70 డిగ్రీల దగ్గర ఉంచి, గాలి చేరకుండా నైట్రోజన్ పంపుతూ, క్షయకరణం చేసే సోడియం డైథయోనైట్ వెయ్యాలి. పీహెచ్ పడిపోతే డైథయోనైట్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది, అందుకే బైకార్బొనేట్.

కాసేపటికి పసుపు మట్టి ఆకుపచ్చగా మారి, తర్వాత నీలం తిరుగుతుంది. పక్కపక్కన ఉన్న ఫెర్రస్, ఫెర్రిక్ అయాన్ల మధ్య ఎలక్ట్రాన్ మారడం వల్ల వచ్చే రంగది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఇంకా ముందుకెళితే ఆ నీలం వెలిసి బూడిద వైపు వస్తుంది.

అసలు టెన్షన్ కడిగేటప్పుడు. మిగిలిన డైథయోనైట్ పోయేదాకా, ఆక్సిజన్ తీసేసిన ఉప్పునీటితో కడగాలి. రబ్బరు సెప్టమ్ (సూది గుచ్చగలిగే మూత) బిగించిన ట్యూబులను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన నీటిని సూదితో లాగి, కొత్త నీటిని సూదితోనే ఎక్కించాలి. కాస్త గాలి దూరినా ఫెర్రస్ తగ్గిపోతుంది. కొలతకూ జాగ్రత్త కావాలి. హైడ్రోఫ్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో కరిగించి ఫెర్రస్ ఇనుముతో కలిసి రంగునిచ్చే ఫెనాంత్రోలిన్ కలుపుతాం. మామూలు వెలుతురు తగిలితే ఫెర్రిక్ కూడా ఫెర్రస్‌గా మారి లెక్క తప్పుతుంది, కాబట్టి ఎర్ర లైటు కిందే పని.

తిరిగి ఆక్సీకరణం తేలిక. ఆక్సిజన్ బుడగలు పంపితే చాలు, రంగులు వెనక్కి నడిచి పసుపు దగ్గర ఆగుతాయి. మాస్‌బావర్ స్పెక్ట్రం (ఇనుము ఏ రూపంలో, ఎలా అమరి ఉందో చూపే కొలత) మాత్రం మొదటిదానితో కలవలేదు. బాగా క్షయకరణం చెందినప్పుడు ఖనిజం పొరల్లోని హైడ్రాక్సిల్స్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) కొన్ని పోతాయి, ఇనుము అమరిక మారుతుంది. ఆక్సిజన్ వాటన్నిటినీ సరిదిద్దలేదు. మార్పు ఏ దశలో మొదలవుతుందో తెలియాలని ఇప్పుడు డైథయోనైట్ తగ్గించి, క్షయకరణాన్ని మధ్యలోనే ఆపి, అక్కణ్ణుంచి ఆక్సీకరణం చేసి చూస్తున్నాను.