ఒంటిపూట బడి, స్లో కుక్కర్ పరమాన్నం

మా చెల్లెలు అమెరికా నుంచి వస్తూ పెట్టెలో చీరల మధ్య చుట్టి ఒక స్లో కుక్కర్ తెచ్చింది. తను కొత్తది కొనుక్కుందట, పాతది నాకిచ్చింది. లోపల బరువైన పింగాణీ గిన్నె, పైన గాజు మూత, ముందు ఒకే ఒక్క నాబ్. దాని మీద ఆఫ్, లో, హై, వార్మ్ అని నాలుగు గుర్తులు. అంతే.

ప్లగ్గు పెట్టేముందు అడుగున అంటించిన చీటీ చదివాను. 120 వోల్టులు, 240 వాట్లు. మన ఇళ్ళలో వచ్చేది 230 వోల్టులు. నేను బడిలో సైన్సు చెప్తాను కాబట్టి లెక్క అక్కడికక్కడే తట్టింది. వోల్టేజీ రెండింతలకి దగ్గరైతే కాయిల్ లాగే పవరు నాలుగింతలకి దగ్గరవుతుంది. 240 వాట్లు లాగాల్సింది 880 దాకా లాగుతుంది. సన్నగా కాగాల్సింది కాస్తా మాడి కూర్చుంటుంది. అందుకని నెల్లూరు ట్రంకు రోడ్డుకి పోయి వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకున్నాం. కొట్టాయన 200 వాట్లది చేతిలో పెట్టి "ఇది చాల్లే మేడం" అన్నాడు. చాలదు. కుక్కరు లాగే దానికన్నా బాగా ఎక్కువ మోసేది ఉండాలి, పైగా ఇది గంటలకొద్దీ ఆగకుండా నడిచే సామాను. 500 వాట్లది తీసుకున్నాం. కొత్తగా కొనేవాళ్ళకి ఈ తంటా అక్కర్లేదు, మన కరెంటుకి సరిపోయేవే ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి.

అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏందమ్మాయ్ ఇది, అన్నం కుక్కరేనా?"

"కాదత్తమ్మా. పొద్దున పెడితే మధ్యాన్నానికి ఉడుకుతుంది."

"మధ్యాన్నం దాకా ఉడికేదానికి కరెంటు కూడా కాల్చాలా?" అని నవ్వి, కాసేపాగి "అయితే దాలి అన్నమాట" అన్నారు.

ఆ మాట నాకు పుస్తకం ఇచ్చినంత పని చేసింది. అత్తమ్మ పుట్టిల్లు వింజమూరు దగ్గర పల్లె. అక్కడ దొడ్లో దాలి ఉండేదట. పిడకలు పేర్చి, నిప్పు రాజేసి, మంట రాకుండా పైన బూడిద కప్పి, పాలకుండ పెడితే సాయంత్రం దాకా దాని మానాన అది కాగేది. పాలు ఎర్రబడి, మీగడ అట్టులా కట్టేది. ఆ రోజు నుంచి ఈ కుక్కర్లో ఏది కుదురుతుంది, ఏది కుదరదు అని నేను ఆన్‌లైన్లో వెతకడం మానేశాను. "ఇది దాలి మీద పెట్టేవాళ్ళా అత్తమ్మా?" అని అడుగుతాను. ఆమె ఊఁ అంటే పెడతాను.

దీని పద్ధతి ముందు చెప్పాలి, లేకపోతే కొలతలు ఇచ్చినా లాభం లేదు. సెగ ముఖ్యంగా గిన్నె చుట్టూ పక్కల నుంచి వస్తుంది, కాబట్టి అడుగంటడం తక్కువ. చాలా మోడళ్ళలో లో పెట్టినా హై పెట్టినా చివరికి చేరే వేడి ఇంచుమించు ఒకటే, మరుగుకి ఒక మెట్టు కింద. తేడా అంతా అక్కడికి ఎంతసేపట్లో చేరుతుందన్న దాంట్లోనే. మూత తీసి చూశామా, పోయిన వేడి మళ్ళీ అందుకోవడానికి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. నీళ్ళు ఆవిరై పోవు, మూతకి కొట్టుకుని మళ్ళీ లోపలికే కారతాయి. గిన్నె సగానికి తక్కువ ఉంటే అంచులు మాడతాయి. నాది నాలుగు లీటర్లకి కాస్త తక్కువ పట్టే గిన్నె, అందుకే పాలు ఎప్పుడూ రెండు లీటర్లు పోస్తాను.

మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పావు తక్కువ ఎనిమిదికి బడిలో ఉండాలి, పన్నెండున్నరకి వదుల్తారు. పోనురాను కలిపి ఐదు గంటల పైమాటే. నాబ్ లో మీద పెడితే పరమాన్నానికి కావలసింది సరిగ్గా అంతే. ఇంకొకటి కూడా కలిసొస్తుంది. మా నెల్లూరులో పెద్ద పంట కోతలు సంక్రాంతికి కావు. ఈశాన్య రుతుపవనాల వానలకి నాటిన వరి శివరాత్రి అటూ ఇటూగా కోతకొస్తుంది. అందరూ పాత బియ్యం బస్తా విప్పే రోజుల్లో మా ఇంటికి కొత్త బియ్యం వస్తాయి. అన్నానికి కొత్త బియ్యం ముద్దవుతాయని సణుక్కుంటాం గానీ పరమాన్నానికి వాటిని మించినవి లేవు, ఆ జిగురే కావాలి. మా పాత వరి రకం మొలగొలుకులు ఇప్పుడు పేరుకే మిగిలాయి. నేను వాడేది నెల్లూరు మసూరి, రైతులు 34449 అని నంబరుతో పిలిచే రకం.

ఆరింటికి లేచి రెండు లీటర్ల బర్రెపాలు స్టవ్ మీద ఒక పొంగు రానిస్తాను. పచ్చిపాలు నేరుగా కుక్కర్లో పోయను, అది వేడెక్కడానికే గంటలు పడుతుంది, మా ఎండలకి అంతలో పాలు తేడా చేస్తాయి. పింగాణీ గిన్నెలో ముందు వేణ్ణీళ్ళు పోసి పారబోస్తే గిన్నె కూడా వెచ్చబడుతుంది. తరవాత లోపలంతా, ముఖ్యంగా పాలు నిలిచే గీత దగ్గర, నెయ్యి రాస్తాను. టీ గ్లాసుడు బియ్యం, అంటే 150 గ్రాముల దాకా, కడిగి వేసి, పాలు పోసి, చిటికెడు ఉప్పు వేసి, ఒక్కసారి కలిపి మూత పెట్టి లో మీద తిప్పుతాను. ఆ తరవాత జడ వేసుకోవడం, టిఫిన్ డబ్బాలు, బస్సు.

ఒంటిగంటకి ఇంటికొచ్చి మూత తీస్తే పైన మీగడ లేత గోధుమరంగులో ముడతలు పడి ఉంటుంది. అంచు చుట్టూ ఎర్రటి పట్టీ. గరిటె దించితే మెతుకు పలుకు తగలదు, అట్టాగని గంజీ కాదు. గరిటె ఎత్తితే జారుతూ జారుతూ ఆగుతుంది. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది కాబట్టి అక్కడే ఆపాలి.

బెల్లం దగ్గరే అసలు జాగ్రత్త. 350 గ్రాముల బెల్లం కొద్ది నీళ్ళలో కరిగించి, వడగట్టి, చల్లారనివ్వాలి. బెల్లంలో కాస్త పులుపు గుణం ఉంటుంది, సలసలా కాగే పాలలో పడితే విరుగుతాయి. "దించినాక బెల్లం" అన్నది మన వంటిళ్ళలో పాత మాటే. కానీ ఈ కుక్కర్లో స్విచ్చి ఆపితే దించినట్టు కాదు. ఆ మందపు పింగాణీ చాలాసేపు వేడి పట్టుకునే ఉంటుంది. గిన్నెని బయటికి తీసి, చెక్క పీట మీద పెట్టి, మూత తీసేసి, మేము భోంచేసి లేచేదాకా అట్టా వదిలేస్తాను. అప్పుడు బెల్లం, యాలకుల పొడి. జీడిపప్పు, కిస్‌మిస్ విడిగా నేతిలో వేయించి వేయాల్సిందే, వేయించడం ఈ కుక్కరు వల్ల కాదు. పరమాన్నం చూసి మా మామయ్య ఏమీ అనలేదు, రెండోసారి గిన్నె ముందుకు జరిపారు.

పరమాన్నం తరవాత నాకు బాగా నచ్చింది జున్ను. మా పాలాయన బర్రె ఈనినప్పుడల్లా వాడికగా పోయించుకునే ఇళ్ళకి తలా ఒక చెంబు జున్నుపాలు తెచ్చిస్తాడు. మొదటిరోజు పాలు బాగా చిక్కన, ఒక గ్లాసుకి రెండు గ్లాసుల మామూలు పాలు కలపాలి, లేకపోతే జున్ను రబ్బరులా సాగుతుంది. రెండోరోజువైతే సగానికి సగం. తురిమిన బెల్లం చల్లటి పాలలోనే కరిగించి వడకట్టి, మిరియాల పొడి, యాలకుల పొడి వేసి స్టీలు గిన్నెలో పోసి బిగుతు మూత పెడతాను. కుక్కరు అడుగున నాలుగు మడతల గుడ్డ వేసి, దాని మీద ఆ గిన్నె, చుట్టూ గిన్నె సగం మునిగేదాకా వేణ్ణీళ్ళు. హైలో రెండు, రెండున్నర గంటలు. ప్రెషర్ కుక్కర్లోనో, గలగలా మరిగే నీళ్ళలోనో పెడితే జున్నులో చిల్లులు పడి నీళ్ళు వదులుతుంది. ఇక్కడ నీళ్ళు మరగవు కాబట్టి కత్తి పెట్టి కోస్తే ముక్క అద్దంలా వస్తుంది. మధ్యలో పుల్ల గుచ్చి చూడాలి, తడి అంటకపోతే అయినట్టే. కోడిగుడ్డు, పాలు, పంచదారతో చేసే క్యారమెల్ కస్టర్డుకీ ఇదే పద్ధతి.

గెనుసుగడ్డల సంగతి మాత్రం నన్నే ఆశ్చర్యపరిచింది. చిలగడదుంపలో పిండిని తీపిగా మార్చే ఎంజైము ఒకటి ఉంటుంది. అది సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య చురుగ్గా పనిచేస్తుంది, ఆ పైన చచ్చిపోతుంది. ప్రెషర్ కుక్కరు ఆ మధ్య దూరాన్ని నిమిషాల్లో దాటేస్తుంది. లోలో పెట్టిన స్లో కుక్కరు దాన్ని దాటడానికి చాలాసేపు తీసుకుంటుంది. ఒకే బండి మీద కొన్న గడ్డలు సగం ఇందులో, సగం అందులో ఉడికించి మా తొమ్మిదో తరగతి పిల్లలకి రుచి చూపించాను. ఏది ఎందులోదో చెప్పకుండానే అందరూ ఒకే వైపు వేలు చూపించారు. మట్టి పోయేలా కడిగి, తొక్కతోనే, పావు గ్లాసు నీళ్ళు చిలకరించి ఐదారు గంటలు లోలో ఉంచితే చాలు. తొక్క తీసి, చక్రాలు కోసి, పచ్చికొబ్బరి, చెంచాడు నెయ్యి. బెల్లం వేసుకుంటే మీ ఇష్టం, మేము వేయడం మానేశాం.

కారట్ హల్వా కూడా బాగానే వస్తుంది. కిలో తురుముకి అరలీటరు పాలు, హైలో మూడు గంటలు, ఆఖరి గంట మూత ఓరగా. పంచదార కారట్ మెత్తబడ్డాకే వేయాలి, ముందే వేస్తే తురుము బిగుసుకుంటుంది. చివర నెయ్యి వేసి పొయ్యి మీద పది నిమిషాలు తిప్పితే చాలు. గంటసేపు నిలబడి తిప్పడం తప్పింది, మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మకి అదే పెద్ద లాభం.

పాలకోవా విషయంలో మాత్రం ఎవరేం చెప్పినా నమ్మకండి. రెండు లీటర్ల పాలలో నీరంతా పోవాలి, నీటిని పోనివ్వకపోవడమే ఈ కుక్కరు గుణం. ఉదయగిరి చెక్క గరిటె అడ్డంగా పెట్టి దాని మీద మూత ఆనిస్తే, పొద్దుగూకేసరికి పాలు సగానికి వస్తాయి, అంతే. ఎర్రగా, కమ్మగా, బాసుందిలా ఉంటాయి. నేను అక్కడ ఆపేసి పంచదార వేసి ఫ్రిజ్‌లో పెడతాను. కోవా కావాలంటే అక్కణ్ణుంచి వెడల్పు బాండలిలోకి మార్చుకోవాలి. ఇక మలై కాజా ఇంట్లో చేయాలన్న ఆశ నాకు లేదు. నెల్లూరులో ఉండి మిఠాయి కొట్టుకి పోకపోతే ఎట్టా? సేమ్యా కూడా ఇందులో వద్దు, ముద్దైపోతుంది.

పిల్లల గోల మీద చాక్లెట్ కేకు కూడా చేశాను. గిన్నెలో బటర్ పేపర్ పరిచి, మామూలు కేకు పిండే పోసి, మూత కింద పొడి తువ్వాలు బిగించి కట్టాలి. ఆ తువ్వాలు లేకపోతే మూత నుంచి కారే నీళ్ళకి కేకు పైన బురదవుతుంది. తువ్వాలు చివరలు పైకి మడిచి మూత మీద ముడేయాలి, వేడి గిన్నెకి వేలాడకూడదు. హైలో రెండు గంటలకి ఉడికింది. మెత్తగా, తడిగా, బాగానే ఉంది, పైన రంగు మాత్రం రాదు. అత్తమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని "కుడుమే గదా, నల్ల కుడుము" అన్నారు. పిల్లలు ఇప్పుడు ఆ పేరుతోనే అడుగుతున్నారు.

కరెంటు ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. 240 వాట్లు ఐదు గంటలు నడిస్తే 1.2 యూనిట్లు, ట్రాన్స్‌ఫార్మర్ తినేది కాస్త అదనం. అసలు భయం కరెంటు పోవడమే, ముఖ్యంగా నవంబరు, డిసెంబరు తుపాన్లప్పుడు. నాబ్ ఉన్న మోడలైతే కరెంటు రాగానే దానంతటదే మళ్ళీ మొదలవుతుంది. బటన్లు, డిస్‌ప్లే ఉన్నవాటిలో చాలావరకు ఆగిపోయి అట్టానే ఉండిపోతాయి, మనం ఇంట్లో లేకపోతే తెలీదు కూడా. పాలు గోరువెచ్చగా ఎక్కువసేపు ఉండకూడదు. కరెంటు పోయిందంటే అత్తమ్మ ఆలోచించకుండా అంతా తపేలాలోకి వంచి గ్యాస్ మీద పెట్టేస్తారు. ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ పాలు పారబోయడమే.

కడిగేటప్పుడు వేడి గిన్నెలో చన్నీళ్ళు పోయకూడదు, పింగాణీ టప్పున చీలుతుంది. చల్లారాక గోరువెచ్చటి నీళ్ళు పోసి నానబెడితే అంచుల్లో కట్టిన ఎర్ర మీగడ చేత్తోనే ఊడొస్తుంది, పీచు వేసి రుద్దే పని లేదు. ఇంట్లో అంట్లన్నీ పనమ్మాయే తోముతుంది గానీ ఈ గిన్నె ఒక్కటీ నేనే కడుక్కుంటా. పగిలితే ఈ కొలత గిన్నె ఇక్కడ ఏ కొట్లోనూ లేదు, అడిగి చూశా.