పచ్చ చుక్క సీసా

బావ 2023 జూన్ 30న రిటైరవుతాడని మా ఇంట్లో ఏడాది ముందే లెక్క వేసి పెట్టుకున్నాం. రైల్వే వాళ్ళకి ఈ విషయంలో దాపరికం ఉండదు. పుట్టిన తేదీ సర్వీసు పుస్తకంలో ఎక్కిన రోజే ఇంటికెళ్ళే తేదీ కూడా ఖాయమైపోతుంది. నౌపడలో ఖలాసీగా చేరి, మా పర్లాకిమిడి చిన్న బండి బొగ్గింజన్ మీద పొగ తిని, చివరికి పెద్ద లైన్లో లోకో పైలట్‌గా దిగిన మనిషి. డ్యూటీ ముందురోజు చుక్క ముట్టేవాడు కాదు. సెలవు రోజు మాత్రం రమ్ము. అదీ రెండు పెగ్గులు, గోరువెచ్చని నీళ్ళతో.

"ఈసారి రమ్ము వద్దురా, జీవితంలో ఒక్కసారైనా మంచి సీసా తెద్దాం" అన్నాడు బావ తమ్ముడు. నేను, మా తమ్ముడు, బావ తమ్ముడు, ఇంకో చుట్టం కలిసి తలా పన్నెండొందల యాభై వేసుకున్నాం. ఐదు వేలు. ఎంపిక నా నెత్తిన పడింది. నాది హార్డ్‌వేర్ కొట్టు. ఇనుప చువ్వలు, పైపులు, రంగులు అమ్మేవాడికి విస్కీ గురించి ఏం తెలుస్తుంది? కానీ బేరం తెలుస్తుంది కదా అని వాళ్ళ ధీమా.

ఐర్లండ్ సరుకే ఎందుకంటే, మా మేనకోడలు చిన్ని అప్పటికి కార్క్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. నాన్న రిటైర్మెంటుకి రాలేనని ఫోన్లో ఒకటే ఏడుపు. నువ్వు రాకపోతే నీ ఊరి సీసా అయినా రానీ అన్నాను. ఆ పిల్ల మందు ముట్టదు గానీ మాట నిలబెట్టుకుంది. పది రోజుల్లో నాకు పాఠాలు చెప్పేంత చదివేసింది.

మొదట బరంపురంలో చూశాను. పెద్ద షాపులో జేమ్సన్ అనే ఐరిష్ విస్కీ కనిపించింది, దాని పక్కన దాని అన్నదమ్ములు ఒకటో రెండో. ధర అడిగితే తల తిరిగింది. విదేశీ మందు మీద అప్పట్లో దిగుమతి సుంకమే 150 శాతం. దాని మీద రాష్ట్రం పన్నులు వేరే. అంటే మనం ఇచ్చే డబ్బులో సీసాలోకి వెళ్ళేది కొంచెం, ఖజానాలోకి వెళ్ళేది బోలెడు. జేమ్సన్ చెడ్డదని కాదు. పాట్ స్టిల్ విస్కీ (రాగి బట్టీలో కాసే రకం), గ్రెయిన్ విస్కీ (ఇంకా తేలికగా ఉండే ధాన్యం విస్కీ) కలిపిన బ్లెండు, మూడుసార్లు బట్టీ పెడతారు, గొంతులో మెత్తగా దిగుతుంది. ఇరవై మంది వచ్చే పార్టీ అయితే, సోడా కలుపుకునే వాళ్ళే ఎక్కువైతే, కళ్ళు మూసుకుని అదే రెండు ఫుల్లులు తీసుకోవాలి. మాది ఎనిమిది మంది కూర్చునే సాయంత్రం.

మా చుట్టం జేమ్సన్ లేబుల్ తిప్పి చూసి, "నలభై డిగ్రీలేనా? మన సరుకు 42.8 ఉంటుంది కదా, దీనికింత రేటేటి?" అన్నాడు. చువ్వ మందం చూసి సిమెంటు కొంటానన్నట్టుంది ఆ మాట. డిగ్రీ అన్నది ఘాటు లెక్క, అంటే నూటికి ఎంత ఆల్కహాల్ అని, రుచి లెక్క కాదు. ఐరిష్ విస్కీ అని సీసా మీద రాయాలంటే ధాన్యంతో చేసి, ఐర్లండ్ దీవిలోనే చెక్క పీపాల్లో కనీసం మూడేళ్ళు పెట్టాలి. కనీస ఘాటు 40 శాతం. మన దగ్గర చౌకగా దొరికే విస్కీల్లో చాలావాటికి మూలం చెరకు మడ్డి స్పిరిట్. పేరొకటే, పుట్టుక వేరు.

ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాను. పెద్ద అంకెలు చూసి మోసపోకూడదు. బుష్‌మిల్స్ అనే ఇంకో ఐరిష్ విస్కీ సీసా మీద 1608 అని ఉంటుంది. నాలుగొందల ఏళ్ళ కంపెనీ అనుకుంటాం. నిజానికి అది ఆ ప్రాంతంలో బట్టీ పెట్టుకోడానికి రాజుగారు లైసెన్సు ఇచ్చిన సంవత్సరం, కంపెనీ రిజిస్టరయింది 1784లో. మన బజార్లో కూడా తాతల నాటి కొట్టు అని బోర్డు పెట్టి, తాత అమ్మింది బెల్లం, మనవడు అమ్మేది మొబైల్ కవర్లు, అలాంటిదే. పోనీ సరుకు బాగుంటుందంటారు, నేను తాగలేదు. ఆ బుష్‌మిల్స్ ఉన్నది నార్దర్న్ ఐర్లండ్‌లో, అంటే బ్రిటన్ కింద. అయినా ఐరిష్ విస్కీయే, ఎందుకంటే చట్టం దేశాన్ని కాదు, దీవిని చూస్తుంది. 1936లో ఒడిశా విడిపోయినప్పుడు మా పర్లాకిమిడి జమీను కొంత ఇటు, కొంత అటు పడింది. కూతవేటులో ఉన్న పాతపట్నం వేరే రాష్ట్రం, ఇక్కడి తెలుగూ అక్కడి తెలుగూ మాత్రం ఒకటే. కాబట్టి ఈ సంగతి నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

చిన్ని మూడు పేర్లు పంపింది. రెడ్‌బ్రెస్ట్ పన్నెండేళ్ళది మా ఐదు వేలకి ఇంకో వెయ్యి పైచిలుకు అడిగింది. టీలింగ్ స్మాల్ బ్యాచ్, 46 శాతం, చివర్లో కొన్నాళ్ళు రమ్ము పీపాల్లో ఉంచి తీసింది. బావ రమ్ము మనిషి కాబట్టి చాలాసేపు దాని దగ్గరే ఆగాను. మూడోది గ్రీన్ స్పాట్. పేరు వెనక కథ వినగానే నా చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టేశాను.

డబ్లిన్‌లో మిచెల్ అని వైన్ వ్యాపారుల కుటుంబం, 1805 నుంచి. షెర్రీ (స్పెయిన్ వైన్) దిగుమతి చేసుకుంటే పీపాలు మిగిలేవి. వాటిని జేమ్సన్ వాళ్ళ బో స్ట్రీట్ బట్టీకి పంపి విస్కీ నింపించుకుని, తమ నేలమాళిగల్లో పెట్టుకునేవాళ్ళు. ఏ పీపా ఎన్నేళ్ళు పెట్టాలో గుర్తుకి ఒక రంగు చుక్క. నీలం ఏడేళ్ళు, పచ్చ పదేళ్ళు, పసుపు పన్నెండు, ఎరుపు పదిహేను. మా కొట్లో చువ్వల కొసలకి రంగు పూసి ఉంటుంది, ఏది ఏ గ్రేడో దూరం నుంచే తెలియడానికి. పెయింటు చుక్కతో సరుకు గుర్తు పెట్టుకునే వ్యాపారి నాకు పరాయివాడు కాదు. (ఇప్పుడు గ్రీన్ స్పాట్ మీద వయసు వెయ్యరు. వేస్తే అందులోని అన్నిటికంటే చిన్న విస్కీ వయసే వెయ్యాలి, అదీ రూలు.)

దాన్ని సింగిల్ పాట్ స్టిల్ అంటారు. మొలకెత్తించిన బార్లీ, మొలకెత్తించని పచ్చి బార్లీ రెండూ కలిపి రాగి బట్టీలో కాస్తారు. పచ్చి బార్లీ ఎందుకయ్యా అంటే, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మొలక బార్లీ మీద ప్రభుత్వం పన్ను వేసింది. వ్యాపారులు మొలక తగ్గించి పచ్చిది పెంచారు. పన్ను తగ్గింది, నోట్లో ఓ జిగురు, ఓ మసాలా ఘాటు వచ్చి చేరాయి. జీఎస్టీ లెక్కలు రాసుకునే నాకు ఇంతకంటే నచ్చే కథ ఇంకోటి దొరకదు.

అదెక్కడ తయారవుతుందని బావ అడిగాడు, అప్పటికి సంగతి కొంచెం లీకైంది. మిడిల్‌టన్ అని చిన్ని చెప్పింది, కార్క్ పక్క ఊరు. ఇప్పుడు జేమ్సన్, రెడ్‌బ్రెస్ట్, గ్రీన్ స్పాట్ అన్నీ ఆ ఒక్క చోటే.

"ఆ ఊరికి రైలుందా?"

ఉందట. 1963లో ప్యాసింజర్లు ఆపేశారు, 2009లో మళ్ళీ వేశారు. బావ కాసేపు ఊరుకుని, "నేను పుట్టిన ఏడు ఆపేశారన్నమాట. మనది 2004లో ఆపి 2011కి గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ చేశారు. మన వాళ్ళే నయం" అన్నాడు. విస్కీ సంగతి ఇంకేం అడగలేదు.

అక్కడ ఊళ్ళో కొంటే చవకనుకునేరు. ఐర్లండ్‌లో మందు మీద పన్ను బాగా ఎక్కువ. పైగా 2022 జనవరి నుంచి ఇంతకు తక్కువకి అమ్మకూడదని కనీస ధర కూడా పెట్టారు. మందు కొట్టుని అక్కడ ఆఫ్ లైసెన్స్ అంటారట. "మన ఆఫ్ షాపే మావయ్యా, తాళం కూడా టైముకే వేస్తారు" అని నవ్వింది చిన్ని. ఇద్దరికీ ఆ మాట నేర్పింది ఒకే దొర కదా. సంక్రాంతికి ఇంటికొస్తున్న బరంపురం కుర్రాడు డబ్లిన్ ఎయిర్‌పోర్టులో కొన్నాడు. మా లెక్కలో ఐదు వేలకి కాస్త లోపే తేలింది. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, ఇది ఏడొందల మిల్లీ. ఒక్క జాగ్రత్త. మధ్యలో విమానం మారాలంటే చేతిసంచీలో సీసా పెట్టుకుంటే తనిఖీ దగ్గర తీసేసుకునే ప్రమాదం ఉంది. వాడు ఢిల్లీలో పెట్టె తీసుకోగానే స్వెట్టర్లో చుట్టి అందులో పెట్టేశాడట. తెలివైన గుంటడు.

జనవరిలో సీసా చేతికొచ్చింది. జూన్ దాకా దాచాలి. బావ కంట పడకుండా అప్పకి, అంటే మా అక్కకి, బావ భార్యకి ఇచ్చాను. అప్ప దాన్ని బీరువాలో, తన బరంపురం పట్టుచీర మడతల మధ్య పడుకోబెట్టింది. నిలబెడితే అత్తగారు తలుపు తీసినప్పుడు మూత కనిపిస్తుందని ఆవిడ భయం.

ఇక్కడే నేను ఒక మాట చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. వైన్ సీసా పడుకోబెట్టాలి, విస్కీ సీసా నిలబెట్టాలి. విస్కీలో ఘాటు బిరడాని తినేస్తుంది. ఐదున్నర నెలలు, అందులో మే నెల మా ఊరి ఎండ. జూన్‌లో పెళ్ళికి వెళ్ళాలని చీర తీస్తే, అప్ప ఫోన్ చేసింది. "ఒరేయ్, నా చీర తాగొచ్చిందిరా." కొంగు అంచు దగ్గర చిన్న తేనెరంగు మచ్చ. సీసాలో చూస్తే వేలెడు కూడా తగ్గలేదు గానీ చీర మాత్రం నిషాలో ఉంది. డ్రై క్లీనింగ్‌కి ఇస్తే అక్కడి కుర్రాడు వాసన చూసి అప్ప మొహం చూశాడట. దానికి ఆవిడ ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

ముప్పైయ్యో తారీకు సాయంత్రం డాబా మీద చాప వేసుకుని కూర్చున్నాం. కోడి వేపుడు, పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు. గోడకి ఆనించిన ఫోన్‌లో చిన్ని. నేను బిరడా తిప్పాను. సగం చేతిలోకి వచ్చింది, సగం మెడలో ఉండిపోయింది. స్క్రూడ్రైవరుతో కెలికితే ముక్కలై లోపలికి పడిపోయింది. హార్డ్‌వేర్ కొట్టువాడి చేతిలో అలా జరిగిందంటే ఎవరు ఊరుకుంటారు? బావ తమ్ముడు నవ్వి నవ్వి పల్లీలు చిందించాడు. అప్ప కిందికెళ్ళి టీ వడకట్టు, ఉతికిన పంచె ముక్క తెచ్చింది. పంచె ముక్క వడకట్టులో పరిచి, స్టీలు జగ్గులోకి వడగట్టాం. పొట్టులా బిరడా నలుసులు గుడ్డ మీద మిగిలాయి.

నీళ్ళు పక్కన పెట్టి, మొదటి గుక్క ఊరికే తాగమన్నాను. బార్లీ జావలో తేనె వేసినట్టు మొదలై, పచ్చి యాపిల్ కొరికినట్టు, చివర్లో లవంగం నమిలినట్టు అయింది. చుట్టం సోడా అడిగాడు, ఇచ్చాం, అది అతని ఇష్టం. బావ చాలాసేపు గ్లాసు ముక్కు దగ్గరే పెట్టుకున్నాడు.

"దీనికి పొగ వాసన లేదేం? విస్కీ అంటే పొగ అంటారు."

అది స్కాట్లండ్‌లో కొన్ని దీవుల సరుకురా బావా, బార్లీని పీట్ (బురదనేలల్లో తవ్వి తీసి కాల్చే మట్టిలాంటిది) పొగలో ఆరబెడతారు, ఐర్లండ్‌లో అలాంటివి చాలా తక్కువ అని చెప్పాను. "మంచిది. పొగ నేను సరిపడా తిన్నాను" అన్నాడు.

తర్వాత పేరు చదివించుకున్నాడు. గ్రీన్ స్పాట్. పచ్చ చుక్క. "సిగ్నల్ ఇచ్చేశారన్నమాట" అని ఫోన్ వైపు చూసి గ్లాసెత్తాడు. అవతల చిన్ని కాసేపు కెమెరాకి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది.

తలా పెగ్గున్నర వచ్చింది. జగ్గు ఖాళీ అయ్యాక మామూలుగానే రమ్ము తెరిచారు. మర్నాడు పాత సామాన్ల వాడు గుమ్మంలో సీసా చూసి మంచి రేటు చెప్పాడు. ఫారిన్ ఖాళీ సీసాలు అలా వెళ్ళి నకిలీ సరుకుతో నిండి మళ్ళీ బజారుకొస్తాయని నాకు తెలుసు, ఇవ్వొద్దన్నాను. అప్ప అప్పటికే దాన్ని కడిగి ఎండలో బోర్లించింది. ఇప్పుడు వంటింటి గట్టు మీద నువ్వుల నూనెతో ఉంది, బిరడా బదులు మా కొట్లో అరంగుళం రబ్బరు మూత. ఈసారి నిలబెట్టే ఉంచింది.