సెల్ గ్రూపు రక్తదానం: క్యాంపు కన్నా వంతులు మేలు

గుడ్ ఫ్రైడేకి సంఘమంతా కలిసి రక్తం ఇవ్వడం మన చర్చిల్లో చాలాచోట్ల ఉన్నదే. ఉద్దేశం మంచిదే, లెక్కే కుదరదు. 2026 గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3. ఆ రోజు తీసిన రక్తంలో ఎర్రకణాలు సంచీలోని ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. మే సగానికల్లా ఇక ఆ రెండూ మిగలవు. ఇచ్చిన మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి, అంటే జూలై 2. కాలేజీలకు సెలవులొచ్చి, క్యాంపులు ఆగిపోయి, బ్లడ్ బ్యాంకులు దాతల కోసం వెతుక్కునే మే, జూన్‌లలోనే సంఘంలో ఇవ్వగలిగినవాళ్లు ఉండరు.

అదే పది పదిహేను కుటుంబాలు వారం వారం ప్రార్థనకు కూడే సెల్ గ్రూపు అయితే వంతులు వేసుకోగలదు. లీడరు చేయాల్సిన మొదటి పని పట్టిక. వయసు 18 నుంచి 65 లోపు, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు (డెసిలీటరుకి) ఉన్నవాళ్లే అందులోకి వస్తారు. ఎవరెవరు వస్తారని చేతులెత్తమంటే పాతికమంది ఎత్తుతారు, చివరికి సగమైనా తేలరు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, పాలిచ్చే తల్లులు, ఏడాదిలోపు టాటూ వేయించుకున్న యవ్వనస్థులు పక్కకి పోతారు. బీపీ మాత్ర వేసుకుంటూ అదుపులో ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. కాబట్టి ఎక్కువమంది సిస్టర్లు సూది పోటు పరీక్ష దగ్గరే ఆగిపోతారు. ముందే ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకుని వస్తే అందరి ముందూ వెనక్కి తిరగాల్సిన పని తప్పుతుంది.

వంతుల్ని నెలలతో లెక్కపెట్టకండి. ఫిబ్రవరి 1 నుంచి మే 1కి 89 రోజులే, ఆ ఒక్క రోజు తక్కువకే వెనక్కి పంపుతారు. ఒక నెల రెండో ఆదివారం నుంచి మూడు నెలల తర్వాతి రెండో ఆదివారానికి ఒక్కోసారి 84 రోజులే వస్తాయి. కూడిక ఎలాగూ వారం వారం ఉంటుంది కనుక వారాలే లెక్క: మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 120 రోజుల నిబంధన ఉంది కనుక 18. పన్నెండుమంది మగవాళ్లు తేలితే వారానికి ఒకరు వెళ్లినా 13 వారాల చక్రంలో ఒక వారం ఖాళీ ఉంటుంది, జ్వరం వచ్చినవాళ్లకు అది పనికొస్తుంది.

వెళ్లే రోజు శుక్రవారం మాత్రం వద్దు. ఉపవాస ప్రార్థన ముగించుకుని నేరుగా వెళ్తే కళ్లు తిరిగి పడిపోవడం ఖాయమనుకోండి. రెండు మూడు గంటల ముందు అన్నమో టిఫినో కడుపునిండా తినాలి, నీళ్లు బాగా తాగాలి. ఇచ్చాక పావుగంట కూర్చుని టీ, బిస్కెట్లు తీసుకోవాలి. వెంటనే బండి నడపకుండా తోడు ఒకరు వెళ్లాలి. హిమోగ్లోబిన్ చాలనివాళ్లకు ఇలా తోడు వెళ్లడమే సరైన సేవ.

అసలు పేచీ ఎక్కడొస్తుందంటే, వెనక్కి వచ్చినవాళ్ల దగ్గర. "ఎందుకు తీసుకోలేదు బ్రదర్?" అని కూడికలో అడగకూడదు. తీసిన రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. ఫలితం దాతకీ బ్లడ్ బ్యాంకుకీ మధ్య విషయం. ప్రార్థన అంశాల పేరుతో బయటపడే రహస్యాలు మన దగ్గర తక్కువేం కాదు. పట్టికలో "ఈసారి కాదు" అని రాస్తే చాలు.

రక్తం కావాలని రాత్రిపూట ఫోన్లొస్తాయి. పేషెంటు పేరు, వార్డు, రక్తం గ్రూపు అడిగి, ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసి నిజమో కాదో తేల్చుకున్నాకే మనిషిని పంపండి. దాతల నంబర్ల జాబితా వాట్సాప్‌లో పెడితే దళారుల చేతికి వెళ్తుంది. డబ్బులకి రక్తం ఇవ్వడం దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం. కృతజ్ఞతగా పెట్రోలుకని చేతిలో పెట్టినా తీసుకోవద్దని దాతలకి ముందే చెప్పాలి. మంచం పక్కన కరపత్రాలు కూడా వద్దు.

వంతులన్నీ ఒకే బ్లడ్ బ్యాంకుకి కట్టుబడి ఉంటే మేలు. తలసీమియా (పుట్టుకతోనే రక్తం సరిగా తయారుకాని జబ్బు) ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అలాంటి పిల్లలు వచ్చే బ్యాంకుని ఎంచుకుని, ఏ రక్తం గ్రూపు ఏ వారం కావాలో వాళ్లనే అడిగి పట్టిక దానికి తగ్గట్టు సర్దుకోండి.