ఆ పెట్టెలో ఏముందో చెప్పలేదు

నిద్ర పట్టకపోవడానికి కారణం ఒక ట్రంకుపెట్టె అని చెబితే మా వారు "రేపు మాట్లాడుకుందాం" అని అటు తిరిగి పడుకున్నారు. ఆ పెట్టె మా ఇంటిది కాదు, సాయంత్రం పూర్తి చేసిన నవలలోది. ఆకుపచ్చ రంగు వేసిన రేకుపెట్టె; దానికి ఇత్తడి తాళం; నేల చెమ్మకు అడుగు తుప్పు పట్టకుండా కింద రెండు ఇటుకలు. మూడో అధ్యాయంలో కథానాయిక తన అత్తగారి గదిలోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు మంచం పక్కన కనిపిస్తుంది. ఆ తరువాత వందల పేజీలు గడిచాయి, అత్తగారు పోయారు, కొడుకులు వాటాలు పంచుకున్నారు, ఇల్లు అమ్మేశారు, సామాను బండికెక్కించారు. పెట్టెను మాత్రం ఎవరూ తెరవలేదు. తెరవకపోవడం అటుంచి, మళ్లీ దాని ఊసే ఎత్తలేదు.

నిజానికి ఈ రాత్రి రాయాలనుకున్నది వేరు. నెల రోజులుగా చదువుతున్న నవలల గురించి, మరిచిపోకముందే, తలా రెండు మంచి మాటలు రాసి పెట్టుకోవాలని కూర్చున్నాను. ఎప్పుడు చూసినా ఒకే రకం పుస్తకాలు చదువుతావని అత్తయ్య అన్న మాట మనసులో పెట్టుకుని, ఈ నెలంతా ఒకదానితో ఒకటి పొంతన లేని నవలలను పనిగట్టుకుని ఎంచుకున్నాను. చారిత్రకం అయ్యాక సైన్స్ ఫిక్షన్, దాని వెనుక ప్రేమకథ, భయానకం, ఆపైన వరుసగా డిటెక్టివ్ నవలలు, చివరికి ఈ కుటుంబ నవల. మంచి మాటలకు కొదవ లేదు. కానీ ఎక్కడ మొదలుపెట్టినా వాక్యం తిరిగి తిరిగి ఆ పెట్టె దగ్గరకే వస్తోంది.

అన్నిటికంటే నచ్చింది చారిత్రక నవలే. కోట పడిపోతుందని పాఠకులందరికీ ముందే తెలుసు, కోటలో ఉన్నవాళ్లకు మాత్రం తెలియదు. వచ్చే ఏడాది పంటకు చెరువు గట్టు ఎత్తు పెంచాలని వాళ్లు తగువులాడుకుంటూ ఉంటే చదివేవారి గుండె బరువెక్కుతుంది. ఇంతకంటే దాని గురించి రాయడానికి ఏమీ తోచడం లేదు. నచ్చినదాని విషయంలో నాకు ఎప్పుడూ మాటలు కరువే.

సైన్స్ ఫిక్షన్ నవల విషయంలో అంత కరువు లేదు. ఆ రచయిత అంతరిక్ష నౌక ఇంజను ఎలా పనిచేస్తుందో పేజీల తరబడి వివరించారు. ఒక పాత్ర ప్రశ్నలు వేయడానికీ, ఇంకొక పాత్ర జవాబులు చెప్పడానికీ మాత్రమే పుట్టినట్టున్నాయి. 1818లో, రచయిత్రి పేరైనా లేకుండా వెలువడిన మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' గుర్తుకు వచ్చింది. అందులో నిర్జీవమైన దేహానికి ప్రాణం పోసిన విక్టర్, తన కథ వింటున్న వాల్టన్ కళ్లలో ఆత్రం కనిపెట్టి, ఆ రహస్యం మాత్రం చెప్పనని ఖండితంగా అనేస్తాడు. చెప్పనందువల్ల ఆ నవలకు వచ్చిన లోటేమీ లేదు. చెప్పి ఉంటే ఆ విజ్ఞానం పదేళ్లలో పాతబడి, మనం ఇప్పుడు నవ్వుకుంటూ చదివేవాళ్లం. ప్రేమకథ గురించి ఒక్క మాట చాలు: నాయిక ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ నవల సగంలోనే ముగిసేది. భయానక నవలలో తలుపు తెరుచుకోనంతసేపు నాకు నిజంగానే భయం వేసింది. తెరుచుకున్నాక లోపల ఉన్నదాన్ని చూసి జాలి వేసింది.

ఇన్ని రాశాక కూడా పెట్టె పెట్టెలాగే ఉంది. భోజనాలయ్యాక అత్తయ్యను అడిగాను, ఆ నవల నాకంటే ముందు చదివింది ఆవిడే కనుక.

"అత్తయ్యా, ఆ పెట్టెలో ఏముండి ఉంటుందంటారు?"

"ఏ పెట్టె? అందులో పెట్టె కూడా ఉందా?"

పేజీ తీసి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చదివి, "ముసలావిడ గదిలో పెట్టె ఉండక ఏనుగు ఉంటుందా? ఆవిడ చీరలుంటాయి. నీకు ఈ హత్యల పుస్తకాలు ఎక్కువయ్యాయమ్మాయ్" అని పుస్తకం నా చేతిలో పెట్టేశారు.

ఆ మాటకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. పైకి ఏమీ అనలేదు గాని, లోపల అప్పటికప్పుడే ఒక వాదన తయారైంది. పేల్చే ఉద్దేశం ఎవరికీ లేనప్పుడు గుండ్లు నింపిన తుపాకిని రంగస్థలం మీద పెట్టకూడదని రష్యన్ రచయిత చెఖోవ్ 1889లో ఒక ఉత్తరంలో రాశాడు. నాటకం గురించి అన్న ఆ మాటను నవలకూ కథకూ ఎప్పుడో వర్తింపజేసుకున్నాం. తాళం వేసిన పెట్టె అంటే గుండ్లు నింపిన తుపాకి కాక మరేమిటి? పైగా ఆ తాళం ఇత్తడిది అని చెప్పారు, కింద ఇటుకలు ఉన్నాయని చెప్పారు. ఇంత శ్రద్ధగా చూపించినవారు దాన్ని గాలికి వదిలేస్తే, పాఠకురాలి చేత వందల పేజీలు ఊరికే కాపలా కాయించినట్టు కాదా? రచయిత అశ్రద్ధ అని ఒక నిర్ణయానికి వచ్చి, ఆ మాటే ఇక్కడ గట్టిగా రాయడానికి సిద్ధమయ్యాను.

రాసేముందు ఎందుకైనా మంచిదని ఆ పేజీ మళ్లీ తీసి చూశాను. పెట్టె ప్రస్తావన అధ్యాయం చివర లేదు, పేరా చివర కూడా లేదు. దండెం మీద ఆరేసిన చీర, పెట్టె, కాలు ఊగే పీట, కిటికీ గూట్లో మందు సీసా: వీటన్నిటి మధ్య, ఒకే పొడుగాటి వాక్యంలో, రెండో వస్తువుగా ఉంది. దాని మీద కథానాయిక చూపు ఆగినట్టు కూడా రచయిత రాయలేదు. ఆమె చూపు నేరుగా కిటికీలోంచి బయటకు పోయింది. ఆగింది నా చూపు. అత్తయ్య కన్ను దాటిపోయినచోట నా కన్ను ఎందుకు ఆగిందని ఆలోచిస్తే, ఆవిడ అన్న మాటలో నిజం ఉందని ఒప్పుకోక తప్పడం లేదు.

డిటెక్టివ్ నవలలో ప్రతి వస్తువూ డ్యూటీ మీద ఉంటుంది. మతాచార్యుడై ఉండి కూడా డిటెక్టివ్ నవలలు రాసిన రొనాల్డ్ నాక్స్ 1929లో ఆ రచనకు పది నియమాలు పెట్టాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించి ఉండాలి, పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని వెంటనే పాఠకుడికి చూపించాలి అన్నవి వాటిలోనివే. చూపించాలి సరే, చూపించీ కనిపించకుండా చేయడం ఎలా? అగాథా క్రిస్టీ చేయి తిరిగింది అక్కడే. అసలు ఆధారాన్ని నాలుగు మామూలు వస్తువుల మధ్య, ఏ బల్ల మీది జాబితాలోనో రెండోదిగానో మూడోదిగానో పెట్టి, ఆ వెంటనే ఎవరో తలుపు తట్టినట్టు రాసి మన దృష్టి మళ్లిస్తుంది. 1926 నాటి ఒక నవలలో ఆమె చేసింది న్యాయమా అన్యాయమా అని పాఠకులు ఈనాటికీ వాదించుకుంటారు. అది ఏ నవలో చెబితే చదవనివారి నోటి దగ్గరి ముద్ద లాగేసినట్టే కనుక చెప్పను. ఆ నవలలు వరుసగా చదివిన కన్నుకు జాబితా మధ్యలో ఉన్న వస్తువే అన్నిటికంటే అనుమానాస్పదంగా కనిపిస్తుంది. కుటుంబ నవల రాసినవారు ఆ గది ఎలా ఉందో చెప్పడానికి పెట్టె పెట్టారు, నేను అందులో శవాన్ని వెతికాను. అంతే కాదు, రోజూ మందు తెచ్చి ఇచ్చే చిన్నకోడలిని సగం నవల దాకా నమ్మలేదు. పాపం ఆ పిల్ల అంత మంచిదని అత్యంత ఆలస్యంగా తెలిసింది నాకే.

ఇంతవరకు వచ్చాక అమ్మ దాచిన బైండు గుర్తుకు వచ్చింది. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలను వారం వారం కత్తిరించి, ఒద్దికగా పేర్చి, దబ్బనంతో పొడిచి, మందపు దారంతో కుట్టి, పైన అట్టకు పాత క్యాలెండరు కాగితం అంటించిన పుస్తకం అది. కుట్టు లోపలి అంచును మింగేయడం వల్ల ఎడమవైపు పేజీల్లో ప్రతి పంక్తికీ చివరి అక్షరాలు ఊహించుకుని చదవాలి. కొన్ని వారాల సీరియల్ కుడి పేజీలో ముగిసేది కనుక, దాని వెనుక ఎవరిదో కథ చివరి సగం, తల లేని ఒక జోకు, తలనొప్పి మాత్రల ప్రకటన కూడా బైండులోకి వచ్చి చేరేవి. అవన్నీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఆ సీరియల్ మాత్రం పూర్తిగా లేదు. చిట్టచివరి పేజీలో నాయిక వానలో తడిసిన ఉత్తరం విప్పుతుంది, మొదటి పంక్తి చదవగానే ఆమె ముఖం పాలిపోతుంది, కింద చిన్న అక్షరాల్లో "ఇంకా ఉంది" అని ఉంటుంది. తరువాతి వారాల పత్రికలు ఎవరు పట్టుకుపోయారో అమ్మకూ తెలియదు. అడిగితే "ఏదో మంచే జరిగి ఉంటుందిలే" అనేది.

ఆ ఉత్తరంలో ఏముందన్న దాని మీద అక్కా నేనూ ఎన్ని కథలు అల్లామో. అతను చనిపోయాడని అక్క, అతనికి ముందే పెళ్లయిందని నేను. ఆ పంతంతో రెండు రోజులు మాటలు మానేసిన సందర్భం కూడా ఉంది. డికెన్స్ చివరి నవల 'ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్' సంగతి తరువాత ఎప్పుడో చదివినప్పుడు మా ఇద్దరికీ గొప్ప తోడు దొరికినట్టయింది. పన్నెండు భాగాలుగా తీసుకురావాలనుకున్న ఆ నవలలో ఆరు మాత్రమే రాసి 1870 జూన్‌లో ఆయన కన్నుమూశాడు; డ్రూడ్ నిజంగా హతుడయ్యాడో లేదో, అయితే ఎవరు చేశారో తేల్చడానికి నూటయాభై ఏళ్లుగా ఎందరో ముగింపులు రాస్తూనే ఉన్నారు. మా సీరియల్ రచయిత్రి బతికే ఉన్నారు, నవల పూర్తయింది కూడా. ఉద్యోగంలో చేరాక గ్రంథాలయంలో అది పుస్తకంగా దొరికింది. నిలబడే ఆ చోటు వెతికి చదివాను. తరువాతి భాగం మొదటి రెండు వాక్యాల్లోనే ఉత్తరం సంగతి తేలిపోయింది: పెదనాన్నగారికి జ్వరమట. అంతే. ముఖం పాలిపోవడం వారం పాటు పాఠకులను పట్టి ఉంచడానికి వేసిన ఎర మాత్రమే. మిగిలిన పుస్తకం చదవకుండానే అల్మారాలో పెట్టేశాను. అక్కకు ఈనాటికీ ఆ సంగతి చెప్పలేదు. అతను చనిపోయాడనే నమ్మకంతో ఉంది, ఉండనీ.

ఆ ఉత్తరంతో పోలిస్తే ఈ పెట్టె ఎంతో నిజాయితీగలది. ఉత్తరం భాగం చివర ఉంది, ముఖం పాలిపోయింది, ఇంకా ఉంది అన్నారు. అంటే మాట ఇచ్చారు, తప్పారు. పెట్టె విషయంలో ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. మనుషుల ఇళ్లలో తెరవని పెట్టెలు ఉంటాయి, అవి తెరవకుండానే మనుషులు పోతారు. ఆ మాత్రం తెలిసినవారే ఆ నవల రాశారు అనుకుని, రచయితను మనసారా క్షమించి, దీపం తీసేద్దామనుకున్నాను.

అప్పుడే చివరి అధ్యాయం మళ్లీ తిరగేయడం నా పొరపాటో అదృష్టమో తెలియదు. సామాను బండికెక్కించే చోట రచయిత మళ్లీ జాబితా ఇచ్చారు: మంచం, పీట, దండెం కర్ర, దేవుడి పటాలు, చివరికి ఖాళీ మందు సీసా కూడా. మూడో అధ్యాయంలో ఆ గదిలో ఉన్నవి దాదాపు అన్నీ ఉన్నాయి, పెట్టె లేదు. బండి మీదకు ఎక్కలేదు, ఇంట్లో ఉండిపోయిందని చెప్పలేదు, ఏ కొడుకూ తన వాటాకు అడగలేదు. కావాలనే వదిలేశారని ఒక మనసు అంటోంది. మరిచిపోయారనే నాకు గట్టిగా అనిపిస్తోంది, ఎందుకంటే మరో చోట పెద్దకొడుకు వయసు కూడా రెండేళ్లు అటూ ఇటూ అయింది. వయసు మరిచిపోయినవారు పెట్టెను మరిచిపోరా? నవల గొప్పదే, అందులో సందేహం లేదు. గొప్ప నవలలో కూడా అచ్చుకు ముందు ఒకరు శ్రద్ధగా చదివి ప్రశ్న వేయవలసిన అవసరం ఉంటుంది.

వచ్చే నెలకు పుస్తకాలు ఎంచడం అయిపోయింది, ఈసారి వరుస మార్చాను. నెమ్మదిగా సాగే కుటుంబ నవలలు ముందు, కన్ను ఇంకా శుభ్రంగా ఉన్నప్పుడే. వాటి తరువాత చారిత్రకం ఒకటి, అదీ లావుపాటిది. సైన్స్ ఫిక్షన్‌లో ఇంజన్లు లేనిది ఎవరైనా చెబితే ఒకటి పెట్టుకుంటాను. డిటెక్టివ్ నవల ఒక్కటే, అదీ నెలాఖరుకు. దాన్ని మా వారు అప్పుడే తీసుకుని చదవడం మొదలుపెట్టారు. హంతకుడి పేరు నాతో గాని అత్తయ్యతో గాని అనవద్దని ముందే చెప్పి ఉంచాను.