తొట్టి, తొట్టిలు

డిసెంబరు మొదటి వారంలో ఇక్కడ బెంగళూరులో శివాజీనగర్ వెళ్లి, రసెల్ మార్కెట్ దగ్గర ఒక కాగితం నక్షత్రం, కాస్త ఎండుగడ్డి కొనుక్కొచ్చాం. క్రిబ్‌లో, అంటే యేసు పుట్టిన పశువుల పాకలో, పెట్టే బొమ్మలు మాత్రం గుంటూరు నుంచి అమ్మ పంపినవే. ఒక గొర్రెకు చెవి లేదు. మా నాలుగేళ్ల పాప అన్నిటినీ వరసగా నిలబెట్టి బాలయేసు కోసం వెతికింది. ఆ బొమ్మ బీరువాలో ఉంది. 24 రాత్రి పూజ నుంచి వచ్చాకే దాన్ని తొట్టిలో పెట్టడం మా ఇంటి అలవాటు.

బైబిల్లో లూకా సువార్త రెండో అధ్యాయం ఏడో వచనం చదివి వినిపించాను: "తన తొలిచూలు కుమారుని కని, పొత్తిగుడ్డలతో చుట్టి, సత్రములో వారికి స్థలము లేనందున ఆయనను పశువుల తొట్టిలో పరుండబెట్టెను." నాలుగేళ్ల పిల్లకు ఆ గ్రాంథికం ఏం ఎక్కుతుందనుకున్నానో నాకే తెలీదు. తను ఒక్క మాట పట్టుకుంది.

"అమ్మా, ఆవులకి కూడా తొట్టిలు ఉంటుందా?"

కాసేపు నాకు అర్థం కాలేదు. పోయిన నెల కింద ఓనరమ్మ గారి మనవడికి పేరు పెట్టారు. పూలు కట్టిన ఉయ్యాలలో బాబును పడుకోబెడుతుంటే పాప దగ్గరుండి చూసింది. కన్నడంలో తొట్టిలు అంటే ఉయ్యాలే. తెలంగాణలోనూ తొట్టెల అంటారు. మా గుంటూరు వైపు తొట్టి అనగానే గుర్తొచ్చేది కుడితి.

"ఇది ఉయ్యాల కాదమ్మా, ఆవులు గడ్డి తినేది" అని సరిదిద్దాను.

"బేబీ పడుకుంటే మరి ఆవులెట్లా తింటాయి?"

నిజానికి లూకా అక్కడ ఆవు ఉందని రాయలేదు, గాడిద ఉందనీ రాయలేదు. ఎద్దు తన కామందును ఎరుగును, గాడిద సొంతవాని దొడ్డి తెలిసికొనును అన్న యెషయా ప్రవక్త మాటను బట్టి అవి తర్వాత కథలోకొచ్చాయి. 1223లో ఇటలీలో పునీత అస్సీసీ ఫ్రాన్సిస్ గారు గ్రేచో ఊళ్లో నిజం ఎద్దును, గాడిదను తెచ్చి గడ్డి తొట్టి పక్కన నిలబెట్టారు. ఇదంతా పాపకు చెప్పలేదు. "కొంచెం జరిగి తింటాయిలే" అన్నాను.

రాత్రి గిన్నెలు తోముకుంటుంటే ఆ వచనం మళ్లీ గుర్తొచ్చింది. తొట్టి అంటే పేదరికం, తనను తాను తగ్గించుకోవడం అని ప్రతి క్రిస్మస్‌కూ ప్రసంగంలో వింటూనే ఉన్నాం. అది నిజమే. కానీ ఆ వచనంలో మరియ చేసిన పనులు మూడు: కన్నది, చుట్టింది, పడుకోబెట్టింది. సాయం ఎవరు చేశారో రాయలేదు. పచ్చి బాలింత, బిడ్డను ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసి ఉంటుంది. చూడగానే ఆమెకు అది ఉయ్యాలగానే కనబడి ఉంటుంది, మా పాపకు వినబడినట్టే. సరిదిద్దిన నేనే తొందరపడ్డాను.

గొర్రెల కాపరులకు దేవదూత చెప్పిన ఆనవాలు కూడా పొత్తిగుడ్డలు, తొట్టే. నక్షత్రం మత్తయి సువార్తలో ఉంది, తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులకు. కాపరులకు తొట్టి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. మందకు కాపలా కాసేవాళ్లకు తెలిసిన వస్తువునే గుర్తుగా ఇచ్చాడు.

పొత్తిగుడ్డలంటే ఏంటని మర్నాడు అడిగింది. మనవైపు పసికందును కొత్త బట్టలో చుట్టరు, ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీరముక్క కావాలి. తను పుట్టినప్పుడు అమ్మ గుంటూరు నుంచి సూట్‌కేసులో మడిచి తెచ్చిన నీలం నూలు చీర ముక్క చూపించాను. "ఇందులోనే నిన్ను చుట్టింది అమ్మమ్మ" అంటే నమ్మలేదు. వాసన చూసింది. ఇక కేకులు, కజ్జికాయలు ఏవీ పట్టలేదు. ఆ గుడ్డ తనదే అయిపోయింది.

24 రాత్రి పూజలో నా భుజం మీదే నిద్రపోయింది. ఇంటికొచ్చి తలుపు తీసేసరికి లేచి కూర్చుంది. బీరువాలోంచి బాలయేసును తీసి చేతికిచ్చాను. నీలం గుడ్డలో చుట్టి చుట్టి, బొమ్మ కనబడకుండా చేసి, తొట్టిలో పెట్టింది.

"మొహమైనా కనబడనీ అమ్మా" అన్నాను.

"చలి" అంది.