ఎనిమిదులన్నీ సున్నాలవుతున్నాయి: పచ్చచారల లిస్టింగుతో నాలుగో వారం

రాత్రి పదకొండున్నరకు స్కానరు మూత వేసి పడుకోబోయి, మళ్ళీ దీపం వెలిగించి ముప్పై ఒకటో పేజీని ఇంకోసారి చూశాను. నాలుగు వారాలుగా ఆ ఒక్క పేజీతోనే నా కాపురం. తప్పు ఎక్కడుందో ఇవాళ దొరికింది. సంతోషమే, కానీ ఎవరికైనా చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

ముందు సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. చిత్తూరులో ఒక పెద్దాయన ఇంటి అటక మీద నుంచి దిగిన అట్టపెట్టె ఇది. అందులోని కాగితాలను స్కాన్ చేసి, కంప్యూటర్ చదవగలిగే అక్షరాలుగా మార్చడం నా పని. ఆయన 1970ల్లో మద్రాసులో ఒక సంస్థ కంప్యూటర్ విభాగంలో ఐబీఎం 360 అనే పెద్ద కంప్యూటర్ మీద పనిచేశారు. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్ళి, ఆ యంత్రాల బాగోగులు సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చాక కూడా అక్కడే ఉన్నారు. యంత్రాన్ని ఊడదీసిన రోజున చెత్తబండి ఎక్కవలసిన కాగితాలను రిక్షాలో ఇంటికి తెచ్చుకున్నారట. పెట్టెలో నాలుగు మాన్యువళ్ళు, ఒక పచ్చ కార్డు (360 ఆదేశాల చిట్టా), పచ్చచారల కాగితం మీద 212 పేజీల అసెంబ్లర్ లిస్టింగ్ (ప్రోగ్రాం మూలవాక్యాలు, వాటి పక్కనే యంత్రానికి అర్థమయ్యే అంకెలు అచ్చయినది) ఉన్నాయి.

మాన్యువళ్ళలో మూడు, పాత కంప్యూటర్ పుస్తకాల స్కాన్లు దాచే వెబ్‌సైటు బిట్‌సేవర్స్‌లో ఉన్నవే, ఫారం సంఖ్య చివర గీత తరువాతి అంకె సహా అదే కూర్పు. వాటిని ముట్టుకోలేదు. పచ్చ కార్డు, అంటే జీఎక్స్20-1703, స్కాన్ అయిపోయింది, బాగా వచ్చింది. నాలుగో మాన్యువల్ సంగతి చివర చెబుతాను.

అసలు తలనొప్పి లిస్టింగ్. అది ఐబీఎం వాళ్ళది కాదు, పెద్దాయన స్వయంగా రాసిన ముద్రణ రొటీన్, అంటే అచ్చు పని చూసే ప్రోగ్రాం. ఐబీఎం అచ్చువేసిన పుస్తకానికి ప్రపంచంలో ఏదో ఒక మూల ఇంకో ప్రతి ఉంటుంది. దీనికి ఇదొక్కటే, అదీ కార్బన్ ప్రతి. పైగా కాగితాల వెనకవైపు ఆయన పిల్లలు ఎక్కాలు రాసుకున్నారు. పదమూడో ఎక్కం మూడుచోట్ల ఉంది, మూడుచోట్లా పదమూడేడుల దగ్గర కొట్టివేత ఉంది. 88 నుంచి 91 దాకా పేజీలు లేవు. అడిగితే ఆయన నవ్వి, "సాంఘికశాస్త్రం నోటుపుస్తకాలకు అట్టలు వేసి ఉంటాం నాయనా" అన్నారు.

వెనకవైపు సిరా ముందుకు కనబడకుండా ఉండడానికి కాగితం మీద నల్ల చార్టు పరిచి స్కాన్ చేస్తున్నాను, పనిచేసింది. కాగితం వెడల్పు 378 మిల్లీమీటర్లు, నా స్కానరు ఏ4, కాబట్టి ఒక్కో పేజీ రెండు ముక్కలు. అతుకు కూడా కుదిరింది: అంచు రంధ్రాల మధ్య దూరం సరిగ్గా అరంగుళం, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 150 పిక్సెళ్ళు, అంతకన్నా మంచి కొలబద్ద దొరకదు.

డీపీఐ మాట వచ్చింది కాబట్టి నా గొడవ కూడా వినండి. పాత మాన్యువళ్ళకు 400 డీపీఐ, నలుపు-తెలుపు, గ్రూప్ 4 అనే ఫైలు కుదింపు అన్నది స్థిరపడిన అలవాటు. అచ్చు పుస్తకానికి అది సరే. లైన్ ప్రింటర్ కాగితానికి మాత్రం నేను ఒప్పుకోను. అంగుళానికి పది అక్షరాలు, ఆరు వరుసలు. 400లో అక్షరం గడి 40 పిక్సెళ్ళు, బాగానే ఉంది, కానీ వరుస ఎత్తు 66.67. దాన్ని 67 అనుకుని గళ్ళుగా కోస్తే పేజీ అడుగుకు వచ్చేసరికి 22 పిక్సెళ్ళు జారిపోతుంది, అంటే వరుసలో మూడోవంతు. మొదటి వారమంతా నేను చేసింది ఆ ఘనకార్యమే. స్కానరు మోటారును తిట్టాను, కాగితం కుంచించుకుపోయిందన్నాను, చివరికి నవంబరు వానల తేమనూ అనుమానించాను. 300లో గడి 30 పిక్సెళ్ళు, వరుస 50. భిన్నాల గొడవే లేదు.

టెసరాక్ట్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రాం) వచనం చదవడానికి బంగారం. ఇలాంటి అంకెల మూటకు మాత్రం గడికో అక్షరం కోసి, పదహారు నమూనాలతో పోల్చడమే నాకు నచ్చిన పద్ధతి. హెక్స్ నిలువులో, అంటే యంత్రపు ఆదేశాలు అంకెలుగా అచ్చయిన చోట, 0 నుంచి 9, 'ఏ' నుంచి 'ఎఫ్' దాకా పదహారు గుర్తులు తప్ప ఇంకేమీ రావు కదా.

ఇక ముప్పై ఒకటో పేజీ. దాన్ని భూతద్దంతో చేత్తో సరిచూసి పెట్టుకున్నాను, రెండు సాయంత్రాలు పట్టింది. నా పోలిక ప్రోగ్రాం ఆ పేజీలో 58 గుర్తులు తప్పు చదివింది. అందులో 41 ఒకే రకం: ఎనిమిదో, 'బీ'యో ఉన్నచోట సున్నా.

ఇది ఎందుకంత ప్రమాదమో చెప్పాలి. 360 భాషలో 58 అంటే మెమొరీలోని విలువను రిజిస్టరులోకి (యంత్రం లెక్కలు చేసుకునే చిన్న అరలోకి) తెచ్చుకోవడం. 50 అంటే రిజిస్టరులోనిది మెమొరీలోకి పంపడం. ఎనిమిదికి నడుము చెరిగితే తేవలసింది పంపేస్తుంది. రెండింటి పొడవూ నాలుగు బైట్లే, కాబట్టి ఎడమ పక్కన ఉండే చిరునామా నిలువులో ఏ తేడా కనబడదు. 18, 10 జంట కూడా అంతే, రెండూ రెండేసి బైట్లు. తప్పు చదివిన ప్రోగ్రాం చూడడానికి నిక్షేపంలా ఉంటుంది.

మొదటి అనుమానం పీడీఎఫ్ కుదింపు మీద. 2013లో డేవిడ్ క్రీజెల్ ఒక పేరున్న కంపెనీ కాపీ యంత్రాలు ఆరును ఎనిమిదిగా మార్చేస్తున్నాయని బయటపెట్టిన కథ ఈ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. ఒకేలా ఉన్న అక్షరాలను ఒకే బొమ్మతో సరిపెట్టే జేబిగ్2 కుదింపు చేసిన పని అది. నాదీ అదే అనుకుని పీడీఎఫ్‌ను పూర్తిగా పక్కనపెట్టి టిఫ్ బొమ్మ ఫైళ్ళ మీదే నడిపాను. మళ్ళీ 58 తప్పులే.

రెండో అనుమానం ప్రింటరులో అక్షరాలను మోస్తూ అడ్డంగా తిరిగే గొలుసు మీద. ఈ కాగితంలో అక్షరాలు పైకీ కిందికీ కాక ఎడమకూ కుడికీ ఊగుతున్నాయి, అంటే డ్రమ్ము ప్రింటర్ కాదు, గొలుసు ప్రింటర్, బహుశా ఐబీఎం 1403. ఊగిసలాట కొలిచాను, అటూ ఇటూ మూడు పిక్సెళ్ళ లోపే. గడిని ఆ మేరకు వెడల్పు చేశాను. తప్పులు 55కు దిగాయి. మూడంటే మూడు.

ఆ తరువాత ఒక ఆదివారం, పని తోచక, తప్పు వచ్చిన ప్రతి గడినీ ఎర్ర పెన్సిల్‌తో కాగితపు నకలు మీద గుర్తుపెట్టాను. అప్పుడు కనబడింది. తప్పులు మూడు వరుసలు, తరువాత మూడు వరుసలు శుభ్రం, మళ్ళీ మూడు తప్పులు. పచ్చచార వెడల్పు అరంగుళం, అందులో పట్టేవి సరిగ్గా మూడు వరుసలు. మిగిలిన ఎనిమిది-సున్నా తప్పులు 40లో 37 పచ్చచారల మీదే.

సరే, పచ్చను మాయం చేయాలి. గ్రే బదులు రంగుల్లో స్కాన్ చేసి పచ్చ ఛానెల్ (ఎరుపు, పచ్చ, నీలం పాళ్ళలో పచ్చ పాలు) ఒక్కటే తీసుకున్నాను. పచ్చ చార ఆ ఛానెల్‌లో తెల్లగా పోతుంది, నల్ల కార్బన్ నిలబడుతుంది. తెర మీద చూస్తే కడిగిన ముత్యంలా ఉంది. ఎనిమిది-సున్నా తప్పులు 33. ముత్యం సంగతి అలా ఏడ్చింది. చారలు కంటికి కనబడకపోయినా తప్పులు మాత్రం ఇంకా చారలున్న చోటే కూర్చున్నాయి. ఇక్కడే పది రోజులు పోయాయి. నలుపును, తెలుపును విడదీసే హద్దు, అంటే థ్రెషోల్డు, 110 నుంచి 180 దాకా అయిదేసి చొప్పున మార్చి చూశాను. 600 డీపీఐకి వెళ్ళాను, ఒక్కో ముక్కకు రెండు నిమిషాల పైనే, ఫలితం శూన్యం. ఇంట్లో "ఆ పచ్చచారల కాగితాలు భోజనాల బల్ల మీద నుంచి ఎప్పుడు దిగుతాయి" అన్న ప్రశ్న రెండుసార్లు వచ్చింది.

ఇవాళ సాయంత్రం విసుగెత్తి, స్కానరుతో వచ్చిన ప్రోగ్రాంను వదిలి వ్యూస్కాన్ అనే ఇంకో ప్రోగ్రాంలో ముడి ఫైలు (ఏ దిద్దుబాటూ చేయనిది) తీశాను. 43వ వరుసలో 58 ఉన్న చోటును 16 రెట్లు పెద్దది చేసి పాత ఫైలు పక్కన పెట్టాను. ముడి ఫైలులో ఎనిమిది నడుము దగ్గర రెండు పిక్సెళ్ళ మందాన బూడిదరంగు గీత ఉంది. విలువ 150 ప్రాంతం, పలచనే, కానీ ఉంది. పాత ఫైలులో ఆ చోట 255. తెల్లటి తెలుపు. లోపల రెండు గదులున్న ఎనిమిది కాస్తా ఒకే గది సున్నా అయి కూర్చుంది.

నా స్కానరు ప్రోగ్రాంలో నేపథ్యం శుభ్రం చేసే సౌకర్యం ఒకటి, ముందే టిక్కుపెట్టి ఉంది. పచ్చచార కనబడగానే అది మురికి అనుకుని, దానితో పాటు అంతే పలచగా ఉన్న గీతలన్నీ తుడిచేస్తోంది. ఈ తుడుపు రంగుల ఫైలు నా చేతికి రాకముందే జరుగుతోంది, నేను పచ్చ ఛానెల్ తీసేసరికి నడుము ఎప్పుడో పోయింది. స్కానరు పేరు చెప్పను. ఆ టిక్కు తీయవలసింది నేనే, నాలుగు వారాలు దాని పక్కనే మౌస్ తిప్పాను. కొత్తగా కొనేవారికి మాత్రం ఒక మాట: ఎప్సన్ పాత సీసీడీ రకం (లెన్సు ద్వారా చూసే) స్కానర్లు ఎక్కడైనా సెకండ్‌హ్యాండులో కనబడితే వదలకండి. కాగితం కాస్త ముడతపడి అద్దానికి ఆనకపోయినా అక్షరం పదును పోదు. సీఐఎస్ రకాలు (కాగితానికి దగ్గరగా ఆనుకుని చదివేవి) సన్నగా, తేలికగా ఉంటాయి, అంతవరకే.

టిక్కు తీశాక 33 కాస్తా 9. ఆ తొమ్మిదింటిలో కాగితం మీదే నడుము లేదు. కార్బన్ అంటలేదు. అయితే సుత్తి మాత్రం కాగితాన్ని వెనక నుంచి కొట్టింది కదా. చిన్న టార్చిని బల్లకు ఆనించి, దాదాపు అడ్డంగా వెలుతురు పడేలా పెట్టి ఫోనుతో ఫోటో తీశాను. అయిదుచోట్ల నొక్కు నీడ కనబడింది, గింజ మీద గోటిగాటులా. మిగిలినవి నాలుగు.

ఆ నాలుగూ లెక్కతో దొరికాయి. ఎఫ్ అసెంబ్లర్ (360లో మూలవాక్యాలను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాం) లిస్టింగులో ఎడమవైపు హెక్స్, కుడివైపు మూలవాక్యం, మధ్యలో లెక్కకట్టిన చిరునామా. 58 ఉంటే కుడివైపు 'ఎల్', 50 ఉంటే 'ఎస్‌టీ', కాబట్టి ఆదేశం దగ్గర అనుమానం నిలవదు. 360లో చిరునామా అంటే ఆధార రిజిస్టరులోని విలువకు ఆదేశంలోని దూరం కలిపితే వచ్చేది. ఆ దూరం అంకెలో అనుమానం వస్తే ఆధారం కలిపి చూడాలి. ఈ ప్రోగ్రాంలో పన్నెండో రిజిస్టరు ఆధారం 6. చదివింది 200 అయితే చిరునామా 206 కావాలి, కాగితం 286 అంటోంది, అంటే అది 280. ఈ పరీక్ష మొత్తం 212 పేజీలకు, క్షమించాలి, 208 పేజీలకు ప్రోగ్రాంగా రాస్తున్నాను. ఆ పని అయ్యాక మూలవాక్యాలను హెర్క్యులిస్‌లో (పాత ఐబీఎం యంత్రాలను ఇప్పటి కంప్యూటర్లో అనుకరించే ప్రోగ్రాం) ఎంవీఎస్ 3.8 అనే పాత ఐబీఎం ఆపరేటింగ్ సిస్టం మీద అసెంబుల్ చేసి, వచ్చిన హెక్స్‌ను కాగితం హెక్స్‌తో పోల్చాలి.

ఇంతా చేసి 143వ పేజీలో ఇరుక్కున్నాను. అక్కడ 256 బైట్ల మార్పిడి పట్టిక (ఏ గుర్తు బదులు ఏది అచ్చువేయాలో చెప్పేది) ఉంది, వరుసకు 16 బైట్లు. అసెంబ్లర్ మామూలుగా స్థిరాంకంలో మొదటి ఎనిమిది బైట్లే ఎడమవైపు అచ్చువేస్తుంది. మొదటి సగానికి ఎడమ హెక్స్, కుడి మూలవాక్యం అని ఇద్దరు సాక్షులున్నారు, రెండో సగానికి మూలవాక్యం ఒక్కటే. ఆ ఒంటరి సగంలో నాలుగుచోట్ల 40 ఉందో 4బీ ఉందో తేలడం లేదు. ఐబీఎం వాళ్ళ అక్షర సంకేతాల పట్టిక ఎబ్‌సిడిక్‌లో 40 అంటే ఖాళీ, 4బీ అంటే చుక్క. అచ్చుకు రాని గుర్తు తగిలితే ఈ రొటీన్ ఖాళీ వదిలేదా, చుక్క పెట్టేదా?

టార్చి రెండుచోట్ల 4బీ అని చూపించింది. మిగతా రెంటి కోసం పెద్దాయనకు ఫోను చేశాను. యాభై ఏళ్ళ కిందటి బైటు గుర్తుంటుందా అని మొహమాటంగా అడిగాను.

"చుక్కే నాయనా. మొదట ఖాళీయే వదిలాను. రిపోర్టులో అక్కడక్కడ తెల్లగా రావడం చూసి ఆపరేటరు రిబ్బన్ పోయిందని మార్చేవాడు. వారంలో రెండు రిబ్బన్లు పాడుచేశాడు. అప్పుడు చుక్క పెట్టాను."

"అన్నిచోట్లా పెట్టారా సార్, కొన్నిచోట్లేనా?"

"అది నేనెట్లా చెప్పేది? పంచ్ కార్డులు మార్చింది రాత్రి రెండు గంటలకు."

కాబట్టి ఆ రెండు బైట్లనూ 4బీ అనే రాశాను కానీ వేరే గుర్తుతో. నా ఫైలులో ఇప్పుడు మూడు గుర్తులున్నాయి: కాగితం మీద కళ్ళారా చూసినది, లెక్కతో తేల్చినది, మనిషి చెప్పినది. ఆయన మాటను విడిగా ఒక పేజీ రాసి లిస్టింగుతో కలిపి పెట్టాను. రిబ్బన్ల సంగతి ఏ మాన్యువల్‌లోనూ దొరకదు.

పాత ఫైళ్ళన్నీ పనికిరావు కాబట్టి స్కానింగు మళ్ళీ మొదటి పేజీ నుంచి. రోజుకు పన్నెండు పేజీలు, రెండేసి ముక్కలు, పద్దెనిమిది రోజులు. ఈసారి ముడి టిఫ్‌ను అలాగే దాచి, శుభ్రం చేసినది వేరే ఫోల్డరులో పెడతాను.

నాలుగో మాన్యువల్ రింగుల ఫైలులో ఉంది. సవరణ పత్రాలు వచ్చినప్పుడల్లా పాత పేజీలు తీసి కొత్తవి పెట్టారు, తీసినవాటిని పారేయకుండా వెనక జేబులో దాచారు. కొన్ని పేజీల అంచున మార్పు గీతలున్నాయి, కొన్నింటికి 47.1 లాంటి సంఖ్యలున్నాయి. ఇదే కూర్పు బిట్‌సేవర్స్‌లో ఉంది, కానీ సవరణలు కలపనిది. దీన్ని ఒకే పుస్తకంగా స్కాన్ చేయాలా, పాత పేజీలతో ఒకటి, కొత్త పేజీలతో ఒకటిగా రెండు కట్టాలా అన్నది తేల్చుకోలేదు. రెండు కట్టడం వైపే మొగ్గుతున్నాను.

వచ్చే ఆదివారం పొద్దున్నే చిత్తూరు బస్సు. ఆయన ఇంటికి రంగులు వేయిస్తున్నారట, అటక మొత్తం ఖాళీ చేస్తున్నారు, ఇంకో కట్ట కనబడిందని చెప్పారు. మందం జానెడు, పైన తాడు, లోపల ఏముందో విప్పలేదు. ఆకాశం చూస్తే వాన వచ్చేలా ఉంది. రెండు ప్లాస్టిక్ పట్టాలు, సిలికా సంచులు తీసుకెళుతున్నాను. 2021 నవంబరు వరద చూశాక నేను ఏ పెట్టెనూ నేల మీద పెట్టను, బస్సులో కూడా ఒళ్ళోనే.