సెషన్ తెంచే ముందు ఒక మాట చెప్పండి

పెద్ద ఫారంలో ఒక మనిషి అరగంటగా టైప్ చేస్తూనే ఉన్నాడనుకోండి. సర్వర్ లెక్కలో మాత్రం అతను అరగంటగా ఖాళీగా కూర్చున్నట్టే. నొక్కిన ప్రతి కీ బ్రౌజర్ దగ్గరే ఆగిపోతుంది, సబ్మిట్ కొట్టేదాకా సర్వర్‌కి ఏ కబురూ అందదు. ఈలోగా సెషన్, అంటే లాగిన్ అయిన మనిషిని సర్వర్ గుర్తుంచుకునే గడువు, ముగిసిపోతుంది. తీరా కొట్టాక లాగిన్ పేజీ వస్తుంది, రాసిందంతా పోతుంది. ఫ్రంట్ఎండ్ (వెబ్‌సైట్‌లో వాడేవాళ్లకి కనబడే భాగం) పని చేసే నాకు ఇంతకన్నా బాధ కలిగించే బగ్ లేదు. దీన్ని చాలామంది బగ్ అని కూడా అనుకోరు.

ఆ గడువు ఎవరో ఆలోచించి పెట్టిందీ కాదు, చాలాసార్లు. వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీలో డిఫాల్ట్ (మనం మార్చకపోతే ఉండేది) 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లో 30 నిమిషాలు. వచ్చింది వచ్చినట్టు వదిలేస్తాం. గడువు దాటితే తెంచే ఈ టైమౌటే వద్దని నేననను. పదిమంది వాడే కంప్యూటర్‌లో తెరిచి వదిలేసిన ఖాతా ప్రమాదమే. చెప్పాపెట్టకుండా తెంచెయ్యడమే అన్యాయం.

వైకల్యం ఉన్నవాళ్లూ వెబ్ వాడుకోగలిగేలా పెట్టిన యాక్సెసిబిలిటీ ప్రమాణం డబ్ల్యూసీఏజీలో 2.2.1 నియమం ఉంది. 2008లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచీ ఉంది, అదీ కనీస స్థాయి అయిన ‘ఎ’లోనే. గడువును తీసేసే, లేదా మార్చుకునే వీలు ఇవ్వని చోట, అది ముగిసే ముందు హెచ్చరించి, ఒక్క చిన్న చర్యతో పొడిగించుకోడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. నన్నడిగితే 20 సెకన్లు చాలవు. చేతులు సరిగా ఆడక ఒక్క స్విచ్‌తో కంప్యూటర్ నడిపే మనిషి బటన్ దాకా చేరడానికే అంతకన్నా ఎక్కువ పట్టొచ్చు. నేను రెండు నిమిషాలు పెడతాను.

హెచ్చరిక పెట్టె చూపడం తేలిక, సరైన వేళకి చూపడమే కష్టం. బ్రౌజర్‌లోని టైమర్ సెట్‌టైమౌట్‌ని నమ్ముకుంటే దెబ్బ తింటాం. వెనకబడ్డ ట్యాబ్‌లో బ్రౌజర్ టైమర్లని నెమ్మది చేస్తుంది, ల్యాప్‌టాప్ మూత వేస్తే అసలు నడవవు. మూత తెరిచాక "ఇంకా 2 నిమిషాలుంది" అని పెట్టె వస్తుంది, అప్పటికే సర్వర్‌లో సెషన్ పోయి ఉంటుంది. అందుకే ముగిసే సమయాన్ని సర్వర్ నుంచే తెచ్చుకోవాలి, ట్యాబ్ మళ్లీ ముందుకొచ్చిన ప్రతిసారీ సరిచూసుకోవాలి. అలా అడిగే రిక్వెస్టే సెషన్‌ని పొడిగించకుండా చూసుకోవాలి, లేకపోతే టైమౌట్ ఎప్పటికీ రాదు. రెండు ట్యాబులు తెరిచుంటే ఒకదాంట్లో పొడిగించిన సంగతి రెండోదానికీ తెలియాలి.

చూపు లేనివాళ్లకి తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టుకుని, అలాంటి హెచ్చరిక పెట్టెలోని ఓ కౌంట్‌డౌన్ విన్నాను. "యాభై తొమ్మిది, యాభై ఎనిమిది, యాభై ఏడు..." అంకె మారినప్పుడల్లా చదువుతోంది. ఏ బటన్ మీద ఉన్నానో వినబడనివ్వదు. కంటికి సాఫీగా కనబడే డిజైన్, చెవికి నరకం. పెట్టె రాగానే ఫోకస్ (కీబోర్డ్ నొక్కితే పని చేసే చోటు) దానిలోకి వెళ్లాలి, విషయం ఒకసారి చదవాలి, చివర్లో మరోసారి గుర్తు చేస్తే చాలు. పెట్టె మూశాక ఫోకస్ ఇందాక టైప్ చేస్తున్న చోటికే రావాలి.

మాటల సంగతికొస్తే, "సెషన్ గడువు ముగియనుంది" అంటే సెషనంటే తెలియని మనిషికి ఏం అర్థమవుతుంది? "2 నిమిషాల్లో లాగౌట్ అవుతారు. మీరు రాసింది ఇంకా సేవ్ కాలేదు" అనండి. బటన్ల మీద "సరే", "రద్దు" కాకుండా "ఇక్కడే ఉంటాను", "లాగౌట్" అని పెట్టండి.

ఇంత చేసినా మనిషి టీ తాగడానికి లేచి వెళ్తే ఏ పెట్టే పనికిరాదు. కాబట్టి రాసింది రాసినట్టు డ్రాఫ్ట్‌గా దాచాలి. బ్రౌజర్‌లో దాస్తే తర్వాత కూర్చున్నవాళ్ల కంట పడొచ్చు, అందుకే సర్వర్‌లో ఆ మనిషి ఖాతా కిందే దాచడం మేలు. మళ్లీ లాగిన్ అయ్యాక హోమ్ పేజీకి కాకుండా అదే ఫారానికి, టైప్ చేస్తున్న అదే గడికి తీసుకెళ్లండి.